ఇంట్లో ఇంజన్ ఆయిల్ మారిస్తే పార్కింగ్ అంతా జిడ్డే! చుక్క కింద పడకుండా మార్చేవాళ్ళు ఉన్నారా?

నిజాంపేట_నాని
నిన్న ఆదివారం మొదటిసారి నా స్విఫ్ట్‌కి (పెట్రోల్, 2016) ఇంజన్ ఆయిల్ నేనే మార్చాను. పని అయింది, బండి బాగానే ఉంది. పోయింది పరువే.

జరిగింది చెప్తాను, నవ్వుకోండి. బండి ముందు భాగం జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, మా ఆవిడ బట్టలు నానబెట్టే టబ్బు కింద పెట్టాను. అడిగి తీసుకున్నది కాదు. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ నట్టు చివరి చుట్టు దాకా విప్పి లాగాను. ఆయిల్ నిలువుగా కారుతుందనుకుంటే అడుగు దూరం ఎగిరి, టబ్బు అంచు దాటి నేల మీద పడింది. కంగారులో నట్టు చేజారి టబ్బులో మునిగింది. దానికోసం చెయ్యి పెడితే చుర్రుమంది. చెయ్యి విదిలిస్తే పక్క ఫ్లాట్ వాళ్ళ తెల్ల బండి తలుపు మీద చుక్కలు. ఎలాగోలా టబ్బు జరిపి, ఊపిరి పీల్చుకుని, ఫిల్టర్ విప్పాను. అసలు కథ అక్కడ మొదలైంది. అది ఎటు నుంచి ఎటు కారిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మోచేతి మీదుగా చంక దాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే అసోసియేషన్ సెక్రటరీ అంకుల్ వాకింగ్ ముగించుకుని వచ్చారు. ఒక్క మాట అనలేదు. ఫోటో తీసుకుని లిఫ్ట్ ఎక్కేశారు. అది ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో ఉంది, కింద 41 మెసేజులు.

నాకు మళ్ళీ చేయాలనే ఉంది. కానీ చుక్క కింద పడకూడదు. ఎలా? ఇంకో సంగతి, మూడు లీటర్ల నల్ల ఆయిల్ ఇంకా ఆ టబ్బులోనే ఉంది. దాన్నేం చేయాలి? టబ్బు విషయం మా ఆవిడకి ఇంకా తెలీదు.

ఎందుకొచ్చిన_గొడవ
వీధి చివర మెకానిక్‌కి 300 ఇస్తే పావుగంటలో చేసి పంపిస్తాడు. ఆదివారం పూట బిర్యానీ తిని పడుకోక ఈ చాకిరీ ఏంటండీ?

కరీంనగర్_పోరడు
ఆ 41 మెసేజులల్ల మంచిది ఒక్కటి చెప్పన్నా ముందు.

నిజాంపేట_నాని
"మన పార్కింగ్‌లో ఆయిల్ పడిందట, ఓఎన్‌జీసీ వాళ్ళకి కబురు చేశారా?" అని మూడో అంతస్తు నుంచి. దానికి 17 మంది చప్పట్లు కొట్టారు.

కరీంనగర్_పోరడు
మీ బోర్ల నీళ్ళు పడకున్నా గిదన్న పడ్డది. మెయింటెనెన్స్ తగ్గియ్యమను.

సీతమ్మధార_లలిత
ఎందుకొచ్చిన_గొడవ గారూ, నాకు ఈ అలవాటు ఎందుకొచ్చిందో చెప్తాను. నా వ్యాగనార్‌కి పట్టేది మూడు లీటర్ల పైచిలుకు. సర్వీసుకి ఇస్తే బిల్లులో నాలుగు లీటర్లు వేశారు. మిగిలింది ఏదని అడిగితే "అందరికీ అంతే మేడమ్" అన్నాడు. ఆ తర్వాతి నెల ఫిల్టర్ చూస్తే దాని మీద దుమ్ము నేను పోయినేడాది చూసిన దుమ్మే. ఇప్పటికి ఐదేళ్ళుగా నేనే మార్చుకుంటున్నాను. ఇందులో డబ్బు మిగలడం కన్నా, లోపల ఏం పోశామో తెలియడం ఉంది.

నాని గారూ, ఆ పక్క తెల్లబండి తుడిచారా? ఆయిల్ చుక్క అలాగే వదిలేస్తే దాని మీద దుమ్ము పట్టి మచ్చలా కనిపిస్తుంది. కారు షాంపూ నీళ్ళతో మెత్తటి గుడ్డ పెట్టి కడిగేయండి, పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి.

నిజాంపేట_నాని
వాళ్ళు ఊళ్ళో లేరు లలిత గారూ. రాత్రి పదకొండింటికి దొంగలా వెళ్ళి కడిగొచ్చాను. వాచ్‌మన్ టార్చి పట్టాడు.

డిపో_బాబాయి
బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు ఇదే పని చేసి రిటైరయ్యాను. బస్సుకి మీ కారుకి నాలుగైదింతలు ఆయిల్ పడుతుంది, అక్కడ ఒలికితే చీవాట్లు కాదు, మెమో. కాబట్టి ఒలకకుండా తీయడం మాకు బతుకుతెరువు కొద్దీ వచ్చింది.

నాని, నువ్వు చేసిన మొదటి తప్పు టబ్బు నట్టుకి సరిగ్గా కింద పెట్టడం. చాంబర్ నట్టు చాలా బళ్ళలో నేలకేసి చూడదు, పక్కకి చూస్తుంది. లోపల ఆయిల్ నిండుగా ఉన్నప్పుడు ఆ బరువుకి ధార ఎటు చూస్తే అటు దూకుతుంది. ఖాళీ అయ్యేకొద్దీ ధార వెనక్కి వెనక్కి వచ్చి చివరికి నట్టు కిందే బొట్లు బొట్లుగా పడుతుంది. అంటే నీ పాత్ర ధార పడే దారి పొడుగునా ఉండాలి. గుండ్రటిది కాదు, కోలగా ఉన్నది కావాలి.

రెండోది నట్టు. రింగు పానాతో బిగువు మాత్రం వదిలించి, మిగతాది వేళ్ళతో తిప్పాలి. తిప్పుతున్నంతసేపూ నట్టుని లోపలికే నొక్కి పట్టాలి. మర అయిపోయినట్టు వేళ్ళకి తెలుస్తుంది, అప్పుడు కూడా నొక్కే ఉంచితే చుక్క రాదు. పాత్ర సర్దుకుని, చేతిని ధార దారిలోంచి పక్కకి పెట్టుకుని, ఒక్క లాగుడు. పాము పుట్టలో చెయ్యి పెట్టినట్టు భయపడుతూ లాగితే నట్టు జారుతుంది.

మూడోది వేడి. బండి నడిపి వచ్చి వెంటనే విప్పావు, అవునా? ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి, ఆపి, ఇరవై నిమిషాలు టీ తాగి రా. గోరువెచ్చగా ఉంటే చాలు, పల్చగా కారుతుంది, చెయ్యి కాలదు. పైన ఆయిల్ మూత తీసి ఉంచితే గుడగుడలాడకుండా ధార ఒక్క తీరున వస్తుంది.

ఫిల్టర్ సంగతి వేరే రాస్తాను, మనవడు ఫోను అడుగుతున్నాడు.

సందేహాల_పుట్ట
బాబాయి గారూ, అసలు గొడవంతా ఫిల్టర్ దగ్గరే కదా. ఒకసారి ఆయిల్ మాత్రమే, ఇంకోసారి ఫిల్టర్ కూడా అని మార్చుకోకూడదా?

సీతమ్మధార_లలిత
తలంటు పోసుకుని విడిచిన బనియనే మళ్ళీ తొడుక్కున్నట్టు ఉంటుంది.

బెంగళూరు_బాబ్జీ
ఇంత అవస్థ ఎందుకు? పైనుంచి పీల్చే పంపు కొనుక్కోండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి ఆ గొట్టంలోంచి సన్న ట్యూబు అడుగు దాకా దింపి, పంపు కొడితే ఆయిల్ మొత్తం డబ్బాలోకి వస్తుంది. జాకీ అక్కర్లేదు, కింద దూరక్కర్లేదు, చొక్కా కూడా మార్చుకోలేదు నేను. నాకు నాలుగు వేల చిల్లర అయింది, రెండేళ్ళ నుంచి వాడుతున్నాను.

ఫ్రిస్కో_శీను
బాబ్జీ, నీ బండిలో ఫిల్టర్ ఎక్కడ ఉంది?

బెంగళూరు_బాబ్జీ
పైనే, బానెట్ ఎత్తగానే కనిపిస్తుంది. జర్మన్ బండి.

ఫ్రిస్కో_శీను
అదీ విషయం. నానిది స్విఫ్ట్. ఫిల్టర్ కోసం ఎలాగూ కింద దూరాల్సిందే. పంపు కొంటే సగం పని తప్పుతుంది, జిడ్డయ్యే సగం అలాగే ఉంటుంది.

డిపో_బాబాయి
పంపుతో ఇంకో లోటు. అడుగు నట్టు విప్పినప్పుడు దాని మొనకి, మొదటి ధారలో ఏమైనా మెరుపు రజను కనిపిస్తే ఇంజన్ లోపల ఏదో అరుగుతోందని ముందే తెలుస్తుంది. పైనుంచి పీల్చితే ఆ కబురు అందదు.

బెంగళూరు_బాబ్జీ
పీల్చిన డబ్బాలో కూడా అడుగున చూసుకోవచ్చు బాబాయి గారూ. ఏదేమైనా నా తెల్లచొక్కా తెల్లగానే ఉంది, అంతే చెప్పేది.

సీతమ్మధార_లలిత
ఇప్పుడు నా పద్ధతి. నాది కూడా అపార్ట్‌మెంటే, కింద టైల్సే. ఐదేళ్ళలో సెక్రటరీతో ఒక్క మాట పడలేదు.

నేల మీద పేపర్లు పరవకండి. గాలికి లేస్తాయి, ఆయిల్ వాటిలోంచి కిందికి దిగుతుంది. ఫ్లెక్సీ తెచ్చుకోండి. ప్రతి వీధిలోనూ ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు ఉంటాయి, మర్నాడు తీసి పారేస్తారు, అడిగితే సంతోషంగా ఇస్తారు. అందులోంచి ఆయిల్ దిగదు. అయితే ఫ్లెక్సీ మీద పడ్డది ఆగకుండా పారుతుంది, అందుకని నాలుగంచుల కిందా పాత చీర చుట్టలు పెట్టి గట్టులా లేపాలి. మధ్యలో అట్టపెట్టె విప్పి పరవాలి. అట్ట చుక్కల్ని పీల్చుకుంటుంది, మోచేతులకి కూడా సుఖం.

ట్రే కొనక్కర్లేదు. ఐదు లీటర్ల ఖాళీ ఆయిల్ డబ్బాని పక్కకి పడుకోబెట్టి, పైకి వచ్చిన వెడల్పు ముఖాన్ని కట్టర్‌తో కోసేయండి. అంచు రెండంగుళాలు ఉండనివ్వండి. అదే బాబాయి గారు చెప్పిన కోల పాత్ర. మూత బిగించే ఉంచండి. అది ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఇక ఫిల్టర్. చాంబర్ ఖాళీ అయినా ఫిల్టర్ కడుపులో ఒక గ్లాసుడు ఆయిల్ ఉంటుంది. దాన్ని వెనక్కి పోనివ్వకుండా లోపల రబ్బరు కవాటం ఆపుతుంది. నాని గారి చంక దాకా వచ్చింది అదే. ఫిల్టర్‌ని పావు చుట్టు మాత్రం వదులు చేసి ఆపండి. కారడం మొదలయ్యే లోపే మందపాటి పాలిథీన్ కవరు, చిల్లు లేనిది, ఫిల్టర్ మీద టోపీలా తొడిగి, కవరు బయటి నుంచే పట్టుకుని మెల్లగా తిప్పండి. కారింది కవర్లోకి, ఊడిన ఫిల్టర్ కూడా కవర్లోకే. మూతి ముడి వేసి పక్కన పెట్టేయండి. ఫిల్టర్ కింద ఇనుప కమ్మీ గానీ గొట్టం గానీ అడ్డం ఉంటే వంటింటి అల్యూమినియం ఫాయిల్ మడిచి చూరు నీళ్ళ కాలవలా ట్రేలోకి వంచండి.

నిజాంపేట_నాని
కవరు! ఇంత చిన్న విషయమా! నేను రెండు చేతులూ దోసిలి పట్టాను లలిత గారూ.

కరీంనగర్_పోరడు
తీర్థం తీస్కున్నట్టు.

అనంతపురం_బొలెరో
కవరు దాకా రావాలంటే ముందు ఫిల్టర్ కదలాలి కదా. నాది మూడేళ్ళు ఎవడూ విప్పని ఫిల్టర్. చేతికి జారుతోంది. యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్ అడ్డంగా పొడిచి తిప్పా. రేకు చినిగింది, ఫిల్టర్ మాత్రం కదల్లేదు. ఆ చిల్లు లోంచి కారుతుంటే దాని కింద పడుకుని అర్ధగంట ఆలోచించినా.

డిపో_బాబాయి
స్క్రూడ్రైవర్ ఆఖరి అస్త్రం, మొదటిది కాదు. పాత సైకిల్ ట్యూబు ముక్క ఫిల్టర్ చుట్టూ రెండు చుట్లు చుట్టి చేత్తో తిప్పు, పట్టు దొరుకుతుంది. లేదంటే గరుకు కాగితం, గరుకు వైపు ఫిల్టర్‌కి పెట్టి. జిడ్డు చేతులతో ఎంత పహిల్వానైనా తిప్పలేడు, ముందు ఫిల్టర్‌ని బనీన్ వేస్ట్‌తో తుడువు.

అన్నిటికన్నా ముఖ్యం: ఆయిల్ దించక ముందే ఫిల్టర్ కదులుతుందో లేదో చూసుకోవాలి. ఆయిల్ అంతా దించేశాక అది రాకపోతే బండి అక్కడే, నువ్వు అక్కడే, మెకానిక్ షాపు ఆదివారం సెలవు.

అనంతపురం_బొలెరో
నాది శనివారం రాత్రి బాబాయ్. ఇంకా ఘోరం.

సీతమ్మధార_లలిత
పాత ఫిల్టర్ ఊడాక ఇంజన్ వైపు చూపుడువేలు పెట్టి తడమండి. పాత ఫిల్టర్ రబ్బరు వలయం ఒక్కోసారి అక్కడే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రబ్బరు మీద రబ్బరు. నా మూడోసారి అదే జరిగింది. బిగించాను, ఆయిల్ పోశాను, స్టార్ట్ చేశాను. ఇంజన్ కింద జలపాతం. కళ్ళు మూసి తెరిచేలోపు రెండు లీటర్లు పోయాయి. వెంటనే ఆపాను కాబట్టి ఇంజన్ బతికింది. ఐదేళ్ళలో మాట పడలేదన్నాను కదా, ఎందుకంటే ఆ రోజు ఫ్లెక్సీ గట్టు ఉంది. మొత్తం అందులోనే ఆగింది, చిన్న చెరువులా.

కొత్త ఫిల్టర్ రబ్బరుకి కొత్త ఆయిల్ వేలితో రాసి, రబ్బరు ఆనాక చేత్తో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. పానా వద్దు.

కరీంనగర్_పోరడు
నట్టు మాత్రం గట్టిగ బిగియ్యాలె. మా అన్న పైపు ఏసి బిగిస్తడు.

అనంతపురం_బొలెరో
మీ అన్నని ఆపు తమ్ముడూ! నా పాత కారుకి ఎవరో అట్లే పైపు వేసి బిగించినారు. చాంబర్ అల్యూమినియం, నట్టు ఉక్కు. నేను విప్పితే నట్టుతో పాటే మర కూడా తళతళా మెరుస్తూ చుట్టలు చుట్టుకుని వచ్చింది. చాంబర్ మొత్తం దించి లేత్ షాపుకి ఎత్తుకుపోతే ఒక సైజు పెద్ద మర వేసి, పెద్ద నట్టు ఇచ్చినారు. రెండు రోజులు బండి లేదు.

ఫ్రిస్కో_శీను
నా కరోలాకి (2015) కంపెనీ చెప్పిన బిగువు 37 న్యూటన్ మీటర్లు. బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించి చూస్తే ఆశ్చర్యమేసింది, ఇంతేనా అనిపిస్తుంది. మనం భయంతో బిగించేది దానికి రెండింతలు ఉంటుంది.

డిపో_బాబాయి
టార్క్ రెంచి లేనివాళ్ళకి: చిన్న రింగు పానా, మణికట్టు బలం. భుజం కలవకూడదు. నట్టు కింద వాషర్ ప్రతిసారీ కొత్తది వెయ్యి. అది నలిగి సందు మూయడానికే ఉంది. ఒకసారి నలిగింది మళ్ళీ నలగదు, అప్పుడు చుక్క చుక్క కారుతుంది, కారుతోందని ఇంకా బిగిస్తావు, మర పోతుంది. పది ఇరవై రూపాయల వాషర్‌తో పోయే పని.

సందేహాల_పుట్ట
శీను గారూ, అమెరికాలో ఇంట్లో చేసుకోనిస్తారా?

ఫ్రిస్కో_శీను
అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు లీజులోనే వద్దని రాసుంది. ఇల్లు కొన్నాక గరాజ్ తలుపు వేసుకుని చేస్తున్నాను. జాకీ కాదు, ర్యాంపులు. ముందు చక్రాలు రెండూ వాటి మీదికి ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి అడ్డు పెడతాను.

కరోలాలో ఫిల్టర్ రేకు డబ్బా కాదు, ప్లాస్టిక్ గిన్నెలో కాగితం ఫిల్టర్. కొత్త ఫిల్టర్ పెట్టెలో ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క వస్తుంది. రెండేళ్ళు అదేంటో తెలియక ప్రతిసారీ పారేశాను! గిన్నె అడుగున చిన్న బిరడా ఉంటుంది, అది తీసి ఈ గొట్టం లోపలికి నొక్కితే ఫిల్టర్‌లో ఉన్న ఆయిల్ కొళాయి తిప్పినట్టు ట్రేలోకి దిగిపోతుంది. తర్వాత గిన్నె విప్పితే చేతికి జిడ్డు కూడా అంటదు. పెట్టెలో ఏమొచ్చినా పారేయకండి, ఊరికే పెట్టరు.

ఈ మధ్య నట్టు తీసేసి కొళాయి వాల్వ్ బిగించాను. పిడి తిప్పితే ధార, దానికి ట్యూబు తగిలిస్తే నేరుగా డబ్బాలోకి. మన రోడ్లకి మాత్రం ఆలోచించుకోవాలి, అది నట్టు కన్నా కిందికి వేలాడుతుంది. స్పీడ్ బ్రేకర్ తగిలితే అంతే సంగతులు.

ఎందుకొచ్చిన_గొడవ
వారంటీ పోదా మరి?

ఫ్రిస్కో_శీను
ఇక్కడ 1975 నాటి మ్యాగ్నసన్-మాస్ చట్టం ఉంది. సర్వీసు మా దగ్గరే చేయించాలి, లేకపోతే వారంటీ లేదు అనడం కుదరదు. కాకపోతే ఆయిల్, ఫిల్టర్ కొన్న రసీదులు, మైలేజీ రాసుకున్న పుస్తకం ఉండాలి.

ఆటోనగర్_అబ్బాయి
ఇండియాలో వారంటీ ఉన్నన్నాళ్ళూ వాళ్ళ దగ్గరే చేయించుకోండి, తర్వాత మీ ఇష్టం. కొత్త బండి మీద ప్రయోగాలు చేసి క్లెయిమ్ దగ్గర వాదించుకోవడం దండగ. నేను విజయవాడ ఆటోనగర్‌లో లూబ్రికెంట్ల షాపులో పదకొండేళ్ళుగా ఉన్నాను.

నాని గారికో ప్రశ్న. ఎంత ఆయిల్ కొన్నారు?

నిజాంపేట_నాని
3.5 లీటర్ల డబ్బా. షాపులో అదే ఇచ్చారు, చిన్న పెట్రోల్ బళ్ళకి అదే వస్తుందన్నారు.

ఆటోనగర్_అబ్బాయి
డబ్బాలో ఎంత మిగిలింది?

నిజాంపేట_నాని
మిగలడమేంటి? మొత్తం పోశాను.

డిపో_బాబాయి
ఓరి నాయనా. మాన్యువల్ తియ్. డిప్‌స్టిక్ చూసి చెప్పు. బండి సమంగా ఉండాలి, ఆపి పది నిమిషాలు కావాలి.

నిజాంపేట_నాని
చూసొచ్చాను. మాన్యువల్లో మూడు లీటర్ల పైన కొంచెం. డిప్‌స్టిక్ మీద పై గుర్తు దాటి వేలి మందం పైకి ఉంది. ఏమవుతుంది? టెన్షన్ పెట్టకండి.

డిపో_బాబాయి
నూట యాభై మిల్లీలీటర్లయితే వదిలేయమనేవాణ్ణి. ఇది నాలుగు వందల దాకా ఉన్నట్టుంది. ఆయిల్ మరీ ఎక్కువైతే లోపల తిరిగే క్రాంక్ దాన్ని మజ్జిగలా చిలుకుతుంది. నురగ వచ్చిన ఆయిల్‌తో ఒత్తిడి సరిగ్గా నిలవదు, సీళ్ళ దగ్గర కారడం మొదలవుతుంది. వెంటనే కొంప మునగదు. కానీ తీసేయాలి. దూరం తిప్పకు.

ఎందుకొచ్చిన_గొడవ
300 రూపాయలు.

బెంగళూరు_బాబ్జీ
ఇప్పుడు ఎవరి పంపు కావాలి? చెప్పండి, చెప్పండి.

ఆటోనగర్_అబ్బాయి
పంపు అక్కర్లేదు. మెడికల్ షాపులో 50 ఎంఎల్ సిరంజి, చేపల తొట్టికి గాలి వెళ్ళే సన్న గొట్టం ఒక మీటరు. ఇంజన్ చల్లారాక డిప్‌స్టిక్ సందులోంచి గొట్టం దింపి లాగండి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం వద్దు, గొట్టం మెత్తబడుతుంది. ఏడెనిమిది సిరంజిలు తీసి మళ్ళీ కొలవండి. ఈసారి నుంచి ఎవరైనా సరే, మాన్యువల్ అంకె కన్నా పావు లీటరు తక్కువ పోసి, నిమిషం స్టార్ట్ చేసి ఆపి, పది నిమిషాలయ్యాక గుర్తు చూసి మిగతాది కొద్దికొద్దిగా పోయండి. డబ్బా సైజు కంపెనీ ప్యాకింగ్ సౌకర్యం, మీ ఇంజన్ కొలత కాదు.

నిజాంపేట_నాని
ఎనిమిది సిరంజిలు. పై గుర్తుకి కాస్త కిందికి వచ్చింది. ఒక్క చుక్క, ఒక్క చుక్కంటే ఒక్క చుక్క కూడా కింద పడలేదు! సెక్రటరీ అంకుల్ వచ్చి చూశారు. చేతిలో సిరంజి చూసి "ఈసారి ఇంజెక్షనా" అన్నారు. పార్కింగ్‌లో మరక మాత్రం ఉంది. సర్ఫ్ వేసి రుద్దితే ఇంకా వెడల్పయింది.

సీతమ్మధార_లలిత
ముందు పొడిగా పీల్పించాలి, నీళ్ళు తర్వాత. ముగ్గుపిండి మందంగా పోసి, చెప్పుతో నొక్కి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఊడ్చేసి, అప్పుడు సర్ఫ్ చిక్కగా కలిపి బ్రష్‌తో రుద్దండి. టైల్స్ మధ్య సందుల్లోది ఒక్కసారితో పోదు, రెండు మూడు సార్లు పడుతుంది. రంపపు పొట్టు దొరికితే అదీ బాగా పీలుస్తుంది.

కరీంనగర్_పోరడు
పార్కింగ్ల ముగ్గు ఏస్తే గా అంకుల్ పండుగ చందా అడుగుతడు చూడు.

ఆ పాత ఆయిల్ పారబొయ్యకు అన్నా. మా ఊర్ల దర్వాజలకు పూస్తరు, చెద పట్టది.

ఆటోనగర్_అబ్బాయి
సెంట్రింగ్ వాళ్ళు కూడా చెక్కలకి పూయడానికి అడుగుతారు, కాంక్రీటు అంటుకోకుండా. వాడకం ఉన్న మాట నిజం, మంచి పని మాత్రం కాదు. వాడిన ఆయిల్‌లో అరిగిన లోహాల పొడి, కాలిన మసి అన్నీ ఉంటాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది రిజిస్టరైన రీసైక్లర్లకే వెళ్ళాలి. 2023లో ఇంకో సవరణ తెచ్చారు, 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీల మీదే వాడిన ఆయిల్ శుద్ధి బాధ్యత కూడా పడింది. శుద్ధి చేస్తే మళ్ళీ ఆయిల్‌గానే పనికొస్తుంది. 

మూడు లీటర్ల కోసం రీసైక్లర్ మీ ఇంటికి రాడు. మీరు మామూలుగా వెళ్ళే మెకానిక్ దగ్గర డ్రమ్ము ఉంటుంది, అందులో పోయనిస్తాడు, దాన్ని కొనేవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. ఎక్కడికి అమ్ముతాడో ఒక మాట అడగండి. ఇంకోటి, ఖాళీ కొత్త డబ్బాని పాత సామాన్ల వాడికి అలాగే ఇవ్వకండి. మూతి కోసేసి, లేబుల్ గీకి ఇవ్వండి. మీ డబ్బాలోనే నకిలీ ఆయిల్ నింపి ఇంకొకరికి అమ్ముతారు.

డిపో_బాబాయి
డిపోలో డ్రమ్ములకి పట్టి వేలం వేసేవాళ్ళం. డ్రైనేజీలో పోస్తే ఉద్యోగం ఊడేది.

ఫ్రిస్కో_శీను
ఒక గ్యాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్ళని పాడుచేయగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తుంది. ఆటోజోన్ అనే కారు విడిభాగాల షాపుకి తీసుకెళ్తే డబ్బు అడగకుండా తీసుకుంటారు. ఇందులో కూలెంట్ గానీ నీళ్ళు గానీ కలపకూడదు, కలిస్తే తీసుకోరు.

సీతమ్మధార_లలిత
చేతులకి నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. పదేపదే చర్మానికి తగలడం మంచిది కాదు. గోళ్ళలో చేరిందయితే కొబ్బరినూనె, పంచదార కలిపి రుద్ది, తర్వాత శీకాయ పొడి. సబ్బు కన్నా బాగా పోతుంది.

నిజాంపేట_నాని
అందరికీ చెప్తున్నా. సంక్రాంతికి గుడివాడ వెళ్ళినప్పుడు మా మామగారి వ్యాగనార్‌కి మార్చాను. ఆయన మంచం వేసుకుని పక్కనే కూర్చున్నారు, ఈ చర్చంతా ముందు రోజు రాత్రి ఫోన్లో చదివారట.

ఫ్లెక్సీ పరిచాను. ఎవరిదో చెప్పను, మీసాలు పెద్దవి. చుట్టూ చీర గట్టు. బండి కాస్త చల్లారాక ఫిల్టర్ ముందే కదిలించి చూసుకున్నాను. నట్టు నొక్కిపట్టి తిప్పి లాగాను, ధార సరిగ్గా ట్రే పొడుగునా పడింది. ఫిల్టర్‌కి కవరు తొడిగాను. రబ్బరు వలయం అతుక్కుందేమో వేలితో తడిమాను, లేదు. కొత్త వాషర్, మణికట్టు బిగువు, పావు లీటరు తక్కువ పోసి కొలత. ఫ్లెక్సీ మీద చుక్క లేదు. మామగారు మీసాల వైపు చూసి తల ఊపారు.

అప్పుడు ట్రేలో ఉన్న పాత ఆయిల్‌ని క్యాన్‌లోకి వంచాలి కదా. రెండు చేతులా ఎత్తి ఒక మూల నుంచి వంచాను. ట్రే మెత్తగా మడత పడింది. సగం క్యాన్‌లో, సగం నా పాదాల మీద.

సీతమ్మధార_లలిత
ట్రేకి మూత ఉంచమన్నాను కదా! అది పోసే మూతి. పక్కకి నిలబెట్టి, మూత తీసి, గరాటులోకి పెడితే డబ్బాలోంచి పోసినట్టే వస్తుంది.

నిజాంపేట_నాని
మామగారు కూడా అదే అన్నారు. అంతా అయిపోయాక. "లలిత గారు రాశారుగా బాబూ, చదవలేదా?" అని.

సందేహాల_పుట్ట
టబ్బు సంగతి ఏమైంది?

నిజాంపేట_నాని
ఆయిల్ మెకానిక్ డ్రమ్ములో పోసి, టబ్బు మూడుసార్లు శీకాయతో కడిగి యథాస్థానంలో పెట్టాను. వారం రోజులు గడిచాయి, ఏమీ అనలేదు. నిన్న కొత్త టబ్బు వచ్చింది. పాతదాని మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలతో "కారు" అని రాసి ఉంది.